గోడలో సముద్రం

జాన్సయా బకెట్లు రెండూ గుమ్మం బయటే పెట్టి, బూట్లు విప్పి, ఇంటి చెప్పుల కోసం చూసింది. ఆ ఇంటికి వారానికోసారి చొప్పున మూడేళ్ళుగా వస్తోంది. ఎప్పుడొచ్చినా గుమ్మం పక్కన ఆమె కోసమని ఒక నీలంరంగు జత ఉండేది. ఇవాళ లేదు. ఇంటి కోడలు అక్‌బోతా తలుపు పట్టుకుని నిలబడి, "వెతక్కండి, తీసేశాను. మేజోళ్ళతోనే వచ్చేయండి, ఎలాగూ నేలంతా తడుపుతారుగా," అంది.

జాన్సయా మేజోళ్ళతోనే లోపలికి నడిచింది. ఏప్రిల్ నెల, బయట మంచూ వానా కలిసి పడుతున్నాయి. పాలరాతి నేల చల్లదనం అరికాళ్ళలోంచి మోకాళ్ళదాకా పాకింది.

మా అల్మాటీలో సముద్రం లేదు. ఏ దిక్కుకు పోయినా రోజుల తరబడి పోతే తప్ప దొరకదు. కావాలనుకున్నవాళ్ళు గోడలో పెట్టించుకుంటారు. ఈ ఇంటి యజమాని దౌరెన్ అలాగే పెట్టించుకున్నాడు. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తొలిపించి, అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా కనపడేలా నాలుగువందల లీటర్ల గాజు తొట్టి, పైన వేలాడే లైట్లు, లోపల పగడాలు, రొయ్యలు, నారింజ రంగు చేపల జంట. ఇంటికొచ్చిన ప్రతివాడూ దాని ముందు ఫోటో దిగాల్సిందే. ఇప్పుడందులో బూడిదరంగు నీళ్ళున్నాయి. పగడాలు ఎముకల్లా తెల్లబడి ఉన్నాయి. వాసన లిఫ్టు దాకా వచ్చింది.

పన్నెండు రోజుల కిందట ఆ ఇంట్లో పిల్లవాడి పండుగ జరిగింది. ఏడాది నిండిన దౌరెన్ కొడుకు సంజర్ కాళ్ళకు చారల తాడు కట్టి, దాన్ని కోసి, తొలి అడుగులు వేయించారు. ఆ మర్నాడు తొట్టిలో నత్తలు చచ్చాయి. తర్వాత రొయ్యలు. తర్వాత పగడాలు ముడుచుకుని కరిగిపోయాయి. ఆ కుళ్ళుకి చివర చేపలు పోయాయి. జాన్సయా పనిచేసే చేపల తొట్ల షాపు యజమాని వాదిమ్ ల్వోవిచ్‌ని దౌరెన్ పిలిపించాడు. ఆయన వచ్చి, తొట్టి ముందు రెండు నిమిషాలు నిలబడి, "మా అమ్మాయి ఏదో పొరపాటు చేసింది, కొత్తది పెట్టించే పూచీ నాది," అనేశాడు. ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా. ఆ గదిలో ఆ సమయానికి లేనిది జాన్సయా ఒక్కతే.

అప్పటి నుంచి ఆమెకు కుదురు లేదు. చివరిసారి వచ్చినప్పుడు చేసిన ప్రతి పనినీ మనసులో తిరగేసుకుంటోంది. ఉప్పు బస్తా మారిందా? నీళ్ళ ఫిల్టరు గడువు దాటిందా? సబ్బు చేతులు లోపల పెట్టానా? బస్సులో కూర్చుని చేతులు వాసన చూసుకునేది. ఇంట్లో కూర వండుతూ గరిటె పట్టుకుని ఆగిపోయేది. దౌరెన్ నోటి మాట ఊళ్ళో పాకి, ఆమె చూసుకునే ఇళ్ళలో మూడిళ్ళ వాళ్ళు "ఆమెని మాత్రం పంపకండి" అని షాపుకి ఫోన్లు చేశారు. ఇంకో రెండిళ్ళు అలా అంటే షాపులో ఆమెకు చోటు ఉండదు. పదకొండేళ్ళుగా నేర్చుకున్న పని అది ఒక్కటే. కానీ పని పోతుందన్న బెంగ కన్నా, నిజంగానే తన చేతులే చంపాయేమోనన్న అనుమానం ఆమెను ఎక్కువ తినేస్తోంది.

దౌరెన్ లోపలి గదిలోంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. నలభై దాటిన మనిషి, కాస్త పొట్ట. పెద్దవాడని జాన్సయా అతన్ని అగా, అంటే అన్నా, అని పిలుస్తుంది.

"ఆదివారం మధ్యాహ్నానికి అయిపోవాలి. పదిమంది భోజనానికి వస్తున్నారు."

"ఆదివారమంటే మూడు రోజులే అగా. సముద్రపు నీళ్ళు కుదురుకోవాలంటే నెల పడుతుంది."

"షాపులో పెంచి ఉంచిన రాళ్ళున్నాయి, నీళ్ళున్నాయి అన్నాడుగా మీ ల్వోవిచ్. చంపడానికి నీకు మూడు రోజులు సరిపోయాయి. బతికించడానికి నెల కావాలా?"

జాన్సయా బకెట్లు లోపలికి తెచ్చుకుంది. గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట పెట్టుకుని పీల్చి, ఉప్పు నాలుకకు తగలగానే బకెట్లోకి వదిలింది. నోట్లోకొచ్చిన కుళ్ళు నీళ్ళు ఉమ్మేసింది. దౌరెన్ ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

రాళ్ళు ఒక్కొక్కటే తీసి గోనెలో వేసింది. పెద్ద రాయి కింద చెయ్యి పెడితే మెత్తగా ఏదో అంటింది. లాగి చూస్తే మిఠాయి కాగితం, ఎర్రనిది, ఉబ్బిపోయి. ఇది ఎలా వచ్చింది చెప్మా అనుకుంటూ పక్కన పెట్టి, నీళ్ళు అడుగుకి దిగాక ప్లాస్టిక్ చేటతో ఇసుక తోడింది. మూడో చేటలో ఏదో గలగలమంది.

ఇసుక వేళ్ళతో జల్లించింది. నాణెం. పచ్చగా చిలుము పట్టిన పాత సోవియట్ కోపెక్కు. ఇంకొకటి, ఇంకొకటి. మొత్తం ఏడు. అన్నీ ఇత్తడివి. ఒకదాని అంచు తినేసినట్టు గరుకుగా ఉంది.

చాలాసేపు వాటిని అరచేతిలో పెట్టుకుని అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, నవ్వింది. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఇత్తడిలో రాగి. ఉప్పునీళ్ళలో రాగి కరిగితే నత్తలు బతకవు, రొయ్యలు బతకవు, పగడాలు అసలే బతకవు. ఈ పనిలోకి వచ్చిన మొదటి రోజు వాదిమ్ ల్వోవిచ్ ఆమె వేలి ఉంగరం తీయించి చెప్పిన మొదటి పాఠం అదే. అన్ని పరీక్షలూ చేసింది గానీ రాగి పరీక్ష చేయలేదు. సముద్రపు తొట్టిలో రాగి ఎవడు వేస్తాడు గనక? నేను కాదు, నేను కాదు అనుకుంది.

తలుపు మీద ఎవరో కొట్టారు. "ఐనలాయిన్, నా బంగారూ, ఒంట్లో బాగాలేదా? రా, టీ తాగు," అంది రిస్‌తీ అపా గొంతు.

రిస్‌తీ అపా దౌరెన్ తల్లి. డెబ్బైయేడేళ్ళ మనిషి, పొట్టిగా, తలకి తెల్లగుడ్డ. ఇంట్లో కొడుకుతో సహా అందరూ ఆమెను అపా అనే పిలుస్తారు. జాన్సయాను వంటింట్లో తన పక్కనే కూర్చోబెట్టుకుని, గిన్నెలో మూడోవంతు మాత్రమే టీ పోసింది. మాలో అది మర్యాద. గిన్నె నిండా పోశారంటే తాగి బయల్దేరమని. ఈ వారంలో జాన్సయాకు ఎవరూ అలా పోయలేదు.

"ఎందుకలా పాలిపోయావు? చేపల కోసమా?" అంది అపా. "ఏడవకు. నేనొక మాట చెప్తాను, నా కోడలితో అనకు, నవ్వుతుంది. ఆ పండుగ రోజు ఎనభైమంది వచ్చారు ఇంటికి. అందరి కళ్ళూ పిల్లాడి మీదే. ఎంత దిష్టి తగిలుంటుందో ఆలోచించు. మర్నాటి నుంచి చేపలు పోవడం మొదలైంది. వాడికి ఒక్క తుమ్మయినా లేదు. వాడికి రావలసింది అవి తీసుకుపోయాయి. నీ తప్పు లేదు, ఎవరి తప్పూ లేదు."

జాన్సయా జేబులో ఏడు నాణేలు తొడకి గుచ్చుకుంటున్నాయి. "ఆ రోజు పిల్లాడికి దీవెనగా శాషు చల్లారా అపా?" అని అడిగింది.

అపా మొహం విప్పారింది. "చల్లకపోతే పండుగేముంది? నేనే చల్లాను. ఇప్పటి చిల్లర తేలిక, మోత కూడా ఉండదు. నా దగ్గర పాత కోపెక్కుల సంచి ఉంది, నలభై ఏళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ ఏరుకొచ్చినవి. మిఠాయిలతో కలిపి గుప్పిళ్ళతో చల్లాను. నా చెయ్యి పెద్దది కదా, కొన్ని ఆ నీళ్ళలో కూడా పడ్డాయి. అక్‌బోతా తీయబోతే దౌరెన్ ఆపాడు. ఉండనీ, శాషు బిళ్ళ ఇంట్లో ఎక్కడ ఆగితే అక్కడ మంచిదేగా, చేపలక్కూడా శుభం జరగనీ అన్నాడు. అందరూ ఎంత నవ్వారో."

"తొట్టి మీద వల మూత ఉండాలే?"

"ఫోటోలు సరిగ్గా రావట్లేదని వాడే తీశాడు."

అపా మళ్ళీ మూడోవంతు టీ పోసింది. సంతోషంగా ఉందామె. చెప్పాలని జాన్సయా నోరు తెరిచింది. ఆ ముడతల చేతులు చూసి నోరు మూసుకుంది. తన మీదే తనకు కోపమొచ్చింది.

*

శుక్రవారం పొద్దున్నే సీసాలో దాచిన పాత నీళ్ళు షాపుకి పట్టుకెళ్ళింది. గాజు గొట్టంలో కాసిని పోసి, మందు చుక్కలు లెక్కపెట్టి వేసి, వాదిమ్ ల్వోవిచ్ బల్లమీద ఆయన కళ్ళెదురుగా పెట్టింది. అయిదు నిమిషాలు ఇద్దరూ గొట్టం వైపే చూశారు. నీళ్ళు నీలంగా మారాయి, రాగి ఉంది. నాణేలు పక్కన పరిచింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "శాషూనా?"

"అవును. పెద్దావిడ చల్లింది. కొడుకే వల తీశాడు, పడిన బిళ్ళలు తీయొద్దన్నదీ ఆయనే."

"మంచిది, నీ తప్పు కాదని నాకు తెలిసింది. నీకూ తెలిసింది. ఇక దీన్ని ఇక్కడితో వదిలేయ్."

"వదిలేయడమేంటి?"

"జాన్సయా, కాస్త ఆలోచించు. వెళ్ళి ఏమంటావు? మీ అమ్మ దీవెనలు మీ చేపల్ని చంపాయి అంటావా? మీరు ఎనభైమంది ముందు తెలివితక్కువ పని చేశారంటావా? ఆ ఇంట్లో ఇంకెప్పుడైనా అడుగు పెట్టనిస్తారా? నువ్వు పొరపాటు చేశావంటే, అమ్మాయి కదా, పోనీలే అని రెండు నెలల్లో మర్చిపోతారు."

"మూడిళ్ళవాళ్ళు నన్ను రానివ్వట్లేదు."

"సర్దుకుంటుంది."

"మీరు వెళ్ళినరోజు ఈ పరీక్ష ఎందుకు చేయలేదు? నాకు నేర్పింది మీరేగా."

ఆయన నాణేలు కాగితంలో చుట్టి సొరుగులో వేశాడు. "ఆదివారం నేను కూడా వస్తాను. పిలిచారు. మంచి బట్టలు వేసుకునిరా," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఆమెకు జ్వరమొస్తే ఇంటికి మందులు పట్టుకొచ్చినవాడు. అలాంటివాడు అలా అనేసరికి ఆమెకు ఎలా తిట్టాలో కూడా తెలియలేదు. వెనక గదిలోకి వెళ్ళి పీపాల్లో ఉప్పు కలపడం మొదలెట్టింది. కలుపుతూనే ఉంది, భోజనానికి కూడా లేవలేదు.

*

శనివారం నలుగురు మనుషులు కొత్త తొట్టిని మెట్ల మీదుగా అయిదో అంతస్తుకి మోశారు. లిఫ్టులో పట్టలేదు. ప్రతి మలుపులోనూ ఆగి, ఒకణ్ణొకడు బూతులు తిట్టుకుని, మళ్ళీ లేపారు. గోడలో దింపాక జాన్సయా రసమట్టం పెట్టి చూసింది. ఎడమవైపు వెంట్రుకవాసి కిందికి ఉంది. సన్నని రబ్బరు ముక్క దోపించి మళ్ళీ చూసింది. షాపు నుంచి తెచ్చిన రాళ్ళు, తడిగుడ్డలు విప్పి, ఒకదానిమీద ఒకటి ఊగకుండా పేర్చడం మొదలెట్టింది.

దౌరెన్ వచ్చి నడుంమీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఇవి మా రాళ్ళు కావు."

"కావు అగా. కొత్తవి."

"మావేమయ్యాయి?"

"పారేశాను."

"ఎవర్నడిగి? ఇండోనేసియా నుంచి వచ్చిన రాళ్ళవి."

పాత రాళ్ళు రాగి పీల్చుకుని ఉంటాయి. మళ్ళీ పెడితే నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతూ ఉంటాయి. కొత్తవి కూడా చస్తాయి. ఆ ముక్క చెప్తే రాగి ఎక్కడిదని అడుగుతాడు. "వాటిలో విషం దిగింది. వాడకూడదు," అంది.

"విషం. ఎవరు పోశారు?"

ఆమె రాయి మీద రాయి పెట్టి, కదిపి చూసింది.

"చూశారా," అన్నాడు దౌరెన్ కూలీలతో. "అడిగితే మాట్లాడదు. మా ఇంట్లో చంపింది, మా రాళ్ళు పారేసింది, పైగా మొహం మాడ్చుకుంటుంది." కూలీల్లో ఒకడు నవ్వబోయి, జాన్సయా మొహం చూసి మానుకున్నాడు.

పంపు పెట్టి నీళ్ళు తిప్పడం మొదలయ్యేసరికి మధ్యాహ్నమైంది. మగవాళ్ళు వెళ్ళిపోయారు. అపా చిన్న పీట తెచ్చుకుని తొట్టి ముందు కూర్చుంది. జాన్సయా నీటి చుక్క ఒకటి ఉప్పు కొలిచే గొట్టం అద్దం మీద వేసి, కిటికీ వైపు తిరిగి కన్ను పెట్టి చూసి, ఇంకో డబ్బాడు ఉప్పు వేసింది.

"ఇంత ఉప్పెందుకే? కూరలో ఇంత వేస్తే మా ఆయన గిన్నె విసిరేసేవాడు."

"చేపలు విసరలేవు అపా."

అపా పకపకా నవ్వింది. ఆ తర్వాత పీట కాస్త దగ్గరికి జరుపుకుంది. "నిన్న అక్‌బోతా ఫోన్లో ఎవరితోనో అంటోంది, నిన్ను కొన్ని ఇళ్ళలో మానిపించారట. నిజమేనా?"

"మూడిళ్ళలో."

"ఎవరెవరు?"

"పళ్ళ డాక్టరు బయాన్ గారు. దౌరెన్ అగా ఆఫీసు పెద్దాయన. ఊరి కిందివైపు, రైల్వే స్టేషను దగ్గర తివాచీల షాపు వాళ్ళు."

"ముగ్గురూ మా వాళ్ళేనన్నమాట," అంది అపా. "వాడి నోరు. చిన్నప్పటి నుంచీ అంతే. గాజుగ్లాసు పగిలితే పిల్లి పగలగొట్టిందనేవాడు. మా ఇంట్లో పిల్లి లేదు."

ఇప్పుడు చెప్పేయాలి అనుకుంది జాన్సయా. సంజర్ తప్పటడుగులు వేస్తూ వచ్చి నాయనమ్మ మోకాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ వాణ్ణి ఎత్తుకుని, మెడలో మొహం దాచి, "నీ దిష్టంతా ఆ చేపలతోనే పోయింది కదరా బంగారం," అంది. జాన్సయా ఉప్పు డబ్బా మూత గట్టిగా బిగించింది. వెళ్ళేముందు వల మూతకి నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి, అవి సరిగ్గా పడ్డాయో లేదో రెండుసార్లు లాగి చూసింది.

*

ఆదివారం ఆమె మంచి బట్టలు వేసుకోలేదు. చేపల సంచులు నీళ్ళమీద తేలేలా పెట్టి, వేడి సమానమయ్యేదాకా ఆగి, గరిటెడు గరిటెడు చొప్పున కొత్తనీళ్ళు సంచుల్లోకి పోస్తూ ఉంది. హాల్లో అతిథులు నిండారు. వాదిమ్ ల్వోవిచ్ కోటు వేసుకుని, గ్లాసు పట్టుకుని, పళ్ళ డాక్టరు బయాన్ పక్కన నిలబడి ఉన్నాడు. గుర్రపు మాంసం ఉడుకుతున్న వాసన ఇల్లంతా నిండింది.

దౌరెన్ వచ్చి జాన్సయా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇదిగో, మా అమ్మాయి ఈమే. పోయినసారి చంపింది, ఈసారి బతికిస్తానంటోంది. చూద్దాం." అంతా నవ్వారు. బయాన్ కూడా నవ్వింది. జాన్సయాకు ఒళ్ళు మండిపోయింది. భుజం పక్కకి లాక్కుని, సంచి విప్పి నారింజ రంగు చేపని నీళ్ళలోకి వదిలింది. అది రాళ్ళ మధ్యకి దూరి, ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ బయటికి వచ్చింది. "అబ్బ," అన్నారెవరో. రొయ్యల్ని వదిలింది. నత్తల్ని ఒక్కొక్కటే చేత్తో దింపి ఇసుక మీద పెట్టింది.

"ఫోటో, ఫోటో," అంటూ దౌరెన్ వల క్లిప్పులు పటపటా తీసి మూత పక్కన పెట్టేశాడు. "వెలుతురు రావాలి. ఇటు జరగండి అందరూ."

మూత మళ్ళీ పెట్టాలని జాన్సయా అటు వెళ్ళబోయేలోపు జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. రిస్‌తీ అపా వస్తోంది. కొత్త తలగుడ్డ కట్టుకుంది. చేతిలో చెక్క గిన్నె. గిన్నెలో ఎర్రకాగితాల మిఠాయిలు, వాటి మధ్య పచ్చగా మెరుస్తూ కోపెక్కులు. కొత్త నీళ్ళకి శుభం జరగాలని మంచి మాటలు అంటూ, గిన్నెలోంచి గుప్పెడు తీసి చెయ్యి ఎత్తింది.

జాన్సయా ఆ మణికట్టు పట్టుకుంది.

గదిలో నవ్వులు ఆగిపోయాయి. మాలో పెద్దవాళ్ళు దీవించడానికి ఎత్తిన చెయ్యి పట్టుకోవడమంటే ఏమిటో అక్కడ సంజర్‌కి తప్ప అందరికీ తెలుసు. పట్టుకున్న ఆమెకీ తెలుసు. అయినా పట్టు సడలించలేదు.

"చెయ్యి వదులు తల్లీ," అంది అపా మెల్లిగా.

జాన్సయా వదిలేసింది. రెండు చేతులూ చాచి నీళ్ళకి అడ్డంగా పెట్టింది. "అపా, నేలమీద చల్లండి, నా నెత్తిమీద చల్లండి, ఏరుకుంటాను. ఈ నీళ్ళలో మాత్రం వద్దు. ఈ బిళ్ళల్లో రాగి ఉంది. ఉప్పునీళ్ళలో కరిగి వీటిని చంపేస్తుంది. పోయినసారి జరిగింది అదే. ఇసుకలో ఏడు దొరికాయి నాకు. గురువారమే చెప్పాల్సింది. నోరు రాలేదు."

అపా గుప్పెడు గిన్నెలోకి వంచేసి, గిన్నె బల్లమీద పెట్టింది. "ఏడా?"

"ఏడు."

"అయితే చంపింది నేనన్నమాట," అంది అపా.

దౌరెన్ గట్టిగా నవ్వి, తల్లి భుజాల చుట్టూ చెయ్యి వేశాడు. "చూశారా మా అమ్మ మనసు. బయటమనిషి చేసిన తప్పు కూడా తన మీద వేసుకుంటుంది. అపా, మీరొచ్చి పెద్ద కుర్చీలో కూర్చోండి."

"ఈ రోజుల్లో ఎక్కడున్నారు ఇలాంటి పెద్దలు," అంది బయాన్, కళ్ళొత్తుకుంటూ. ఎవరో గ్లాసు పైకెత్తి రిస్‌తీ అపా ఆరోగ్యానికని మొదలెట్టారు. మిగతావాళ్ళూ గ్లాసులెత్తారు.

"ఒరేయ్, నేను చెప్పేది విను," అంది అపా. "ఆ రోజు పడ్డాయి. నువ్వు చూశావు."

"నాలుగువందల లీటర్ల నీళ్ళలో ఏడు బిళ్ళలేం చేస్తాయి అపా? ఆ అమ్మాయి ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్తోంది. మీరు జాలిపడుతున్నారు."

అపా కొడుకు చెయ్యి తీసేసి వాదిమ్ ల్వోవిచ్ వైపు తిరిగింది. "నీకు ఈ విద్య తెలుసుగా నాయనా. నువ్వు చెప్పు. ఈ పిల్ల చెప్పేది నిజమా, అబద్ధమా?"

గాజు గొట్టంలో నీళ్ళు నీలంగా మారడం రెండు రోజుల కిందట చూసిన మనిషి గ్లాసులోకి చూసుకున్నాడు. "చాలా కారణాలుంటాయండి. ఇదీ అని కచ్చితంగా చెప్పలేం," అన్నాడు. జాన్సయా ఆయన్నే చూస్తూ ఉంది. ఆయన మళ్ళీ తలెత్తలేదు.

అపా మళ్ళీ కొడుకు వైపు తిరిగింది. తర్వాత గొంతు పెంచకుండానే అంది. "మూత తీసింది నువ్వు దౌరెన్. ఉండనీ అన్నది నువ్వు. చల్లింది నేను. ఈ పిల్ల ఆ రోజు ఈ ఇంట్లోనే లేదు."

"అపా, అతిథుల ముందు ఇదంతా ఎందుకు?"

"అతిథుల ముందేగా ఇందాక ఆమెని అన్నావు. డెబ్బైయేడేళ్ళొచ్చాయి నాకు. నేను చేసిన తప్పు కూడా నాది కాదంటున్నావు. ఇంక ఈ ఇంట్లో నాదంటూ ఏముందిరా?"

అతిథులు గ్లాసులు దించారు. దౌరెన్ చెవులు ఎర్రబడ్డాయి. "అక్‌బోతా, మాంసం చల్లారిపోతోంది. అందరూ లేవండి, బల్ల దగ్గరికి," అన్నాడు. కుర్చీలు జరిగాయి. అందరికీ కావాల్సింది అదే, తొందరగా వెళ్ళి కూర్చున్నారు. బయాన్ పోతూ పోతూ జాన్సయా పక్కన ఆగి, "అదృష్టవంతురాలివి. ఆవిడ కాబట్టి నీకు అడ్డం నిలబడింది," అంది.

జాన్సయాకు ఏడుపు కూడా రాలేదు. నిజం పదిమంది మధ్యలో నిలబడి చెప్పారు. పదిమందీ దాన్ని ముసలావిడ మంచితనం కింద జమకట్టి మాంసం తినడానికి వెళ్ళిపోయారు. ఆమె మిగిలిన చేపని వదిలి, వల మూత పెట్టి, నాలుగు క్లిప్పులూ బిగించింది. ఉప్పు చూసింది, వేడి చూసింది. పంపు చప్పుడు చెవి పెట్టి వింది. బాగానే ఉంది. బకెట్లు తీసుకుని, తడిసిన మేజోళ్ళ మీదే బూట్లు తొడుక్కుని బయటికి వచ్చేసింది. రేపటి నుంచి ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

షాపు వ్యాను వెనక తలుపు తీసి బకెట్లు సర్దుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. రిస్‌తీ అపా. తోలుకోటు వేసుకుంది, కాళ్ళకు మేజోళ్ళ మీద రబ్బరు జోళ్ళు, చంకలో రుమాల్లో కట్టిన రొట్టెల మూట. ఆవిడ వెనక అక్‌బోతా చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"అపా, ఎక్కడికి? అందరూ మీ కోసం ఆగారు, ఇంట్లో పెద్దవాళ్ళు మీరే కోయాల్సిన తల మాంసం కొయ్యలేదు ఇంకా."

"నువ్వు కొయ్యి."

"నేనెలా కొయ్యాలి అపా? ఆయన నన్ను తిడతారు."

"ఒక పూట తిట్లు తిను. ఈ పిల్ల రెండు వారాలు తింది," అంది అపా. వ్యాను ముందు తలుపు తీసి, జాన్సయా మోచెయ్యి పట్టుకుని, ఒక్కో కాలే ఎక్కించి కూర్చుంది. కాళ్ళ దగ్గర ఉప్పు డబ్బాలుంటే వాటి మీదే పాదాలు పెట్టుకుంది. అక్‌బోతా మంచులో ఒంటికాలి మీద నిలబడి, మళ్ళీ లోపలికి పరిగెత్తింది.

జాన్సయా వచ్చి పక్కన కూర్చుంది. "అపా, మీరు దిగండి. నా వల్ల మీ ఇంట్లో గొడవ."

"నోరు మూసుకో." అపా అద్దంలోంచి ఎదురుగా చూస్తోంది. మూట ముడి గట్టిగా లాగింది. "చేపలు పిల్లాడి దిష్టి తీసుకుపోయాయని ఎంత సంబరపడ్డానో. రోజూ దండం పెట్టుకున్నాను వాటికి. నేనే చంపాను, నేనే దండాలు పెట్టాను." చేతివేళ్ళతో కళ్ళు తుడుచుకుంది. జాన్సయా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఈసారి ఆవిడ వదలమనలేదు.

కాసేపయ్యాక అపా తలగుడ్డ ముడి సర్దుకుంది.

"ఇంట్లో అయితే నా నోరు మూయించి పెద్ద కుర్చీలో కూర్చోబెడతారు. బయటివాళ్ళు అలా కాదు. గుమ్మంలోకొచ్చిన ముసలిదాన్ని టీ ఇవ్వకుండా ఎవరూ పంపరు. టీ తాగినంతసేపూ నేను చెప్పేది వినక తప్పదు. నేను నిదానంగా తాగుతాను." రొట్టెల మూట ఒళ్ళో సరిగ్గా పెట్టుకుంది. "బయాన్ పైన తింటోంది, దాని సంగతి సాయంత్రం. ముందు ఎవరింటికి?"

జాన్సయా తాళంచెవి రెండుసార్లు తప్పుగా పెట్టి మూడోసారికి తిప్పింది. "కిందికి అపా. స్టేషను వైపు, తివాచీల షాపు వాళ్ళింటికి," అంది.

"పోనీ మరి," అంది అపా.